వాటా మనది, మాట ఎవరిది?



ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసానికి ఇవాళ ఇక్కడ చేరామో ఆయన ఉద్యోగ జీవితమంతా వినియోగదారుల సహకార దుకాణంలోనే గడిచింది. ఆయన గురించి ఎవరినడిగినా ముందు నిజాయితీపరుడంటారు. నిజమే. నాకు మాత్రం అంతకంటే పెద్ద గుణం ఇంకొకటి కనిపించేది. లెక్క అడిగినవాళ్ల మీద ఆయనకు కోపం వచ్చేది కాదు. నెల తిరగ్గానే జమాఖర్చుల కాగితం దుకాణంలో తూకం బల్ల పక్క గోడకు అంటించేవారు. కందిపప్పు ఏ ధరకు కొన్నాం, ఏ ధరకు అమ్మాం, గోదాములో తరుగెంత పోయింది, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, అన్నీ తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండేవి. సరుకులకొచ్చిన వాళ్లు సంచీ కింద పెట్టి దాన్ని చదవడం నేను చూశాను. అనుమానం వస్తే అక్కడికక్కడే అడిగేవారు. ఆయన గుమస్తా చేత బిల్లు తెప్పించి చూపించేవారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ కాగితం గురించే.

తిండి సరుకులమ్మే సహకార సంఘంలో సభ్యుడే యజమాని అని చట్టం అంటుంది, నియమావళి అంటుంది. వాటా ధనం కట్టిన రసీదు మన బీరువాలో భద్రంగా ఉంటుంది. కానీ కొత్త శాఖ ఎందుకు తెరుస్తున్నారు, బియ్యం ఏ మిల్లు నుంచి తెస్తున్నారు, నష్టం ఎక్కడ మొదలైంది అన్న సంగతులు ఆ యజమానికి ఎప్పుడు తెలుస్తున్నాయి? అంతా అయిపోయాక తెలిస్తే అది కబురు మాత్రమే. ముందే తెలిసి, వద్దనుకుంటే వద్దనే వీలుంటేనే అతను యజమాని. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్నంలో, టోడ్ లేన్ అనే వీధిలో, 28 మంది కలిసి ఒక చిన్న దుకాణం తెరిచారు. వాళ్లలో చాలామంది నేతపని వాళ్లు. మగ్గాల మీద కూలి పడిపోయిన కాలం. వారానికి రెండు పెన్నీల చొప్పున కూడబెట్టి, తలా ఒక పౌండు వాటా వేసి, 28 పౌండ్లు పోగుచేశారు. మొదటి రోజు దుకాణంలో ఉన్న సరుకు ఇంతే: కాస్త వెన్న, కాస్త చక్కెర, గోధుమ పిండి, ఓట్స్ పిండి, రెండు డజన్ల కొవ్వొత్తులు. ఆ రోజుల్లో అక్కడి అంగళ్లలో రొట్టెలో పటిక, పిండిలో సుద్ద కలవడం మామూలు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, చేతి రొక్కం మీద వ్యాపారం, కొన్నంత మేర లాభంలో భాగం, మనిషికొక ఓటు. ప్రపంచంలోని సహకార సంఘాలన్నీ ఈనాటికీ ఆ దుకాణం పేరు చెప్పుకుంటున్నాయంటే ఇందుకే.

ఈ కథ మనకు పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది కాబట్టి దాన్ని పొడిగించను. అంతగా ఎవరూ చెప్పని భాగమొకటి ఉంది. వాళ్ల తొలి నియమావళిలో పాలకవర్గం ప్రతి గురువారం రాత్రి ఎనిమిది గంటలకు కూర్చోవాలని రాసుకున్నారు. స్థలం కూడా రాసుకున్నారు: టోడ్ లేన్‌లో నేతగాళ్ల గది. మూడు నెలలకోసారి సభ్యులందరి సమావేశం జరగాలి, అక్కడ లెక్కలు చెప్పాలి. రోజు, గంట, చోటు ముందే అచ్చయి ఉంటే, కార్యదర్శికి తీరిక దొరికినప్పుడు సభ పెట్టే వీలు ఉండదు. 1849లో అదే పట్నంలో పొదుపు బ్యాంకు ఒకటి మోసంతో కుప్పకూలింది. పేరున్న పెద్దమనుషుల బ్యాంకు అది. అక్కడ దెబ్బతిన్న జనం డబ్బు పట్టుకుని నేతగాళ్ల దుకాణానికి వచ్చారు. మూడు నెలలకోసారి లెక్క చూపించేది వీళ్లే కదా. ఆ తర్వాత 1853లో మిగులులో నూటికి రెండున్నర వంతు చదువు కోసం తీసిపెట్టాలని నిర్ణయించారు. దుకాణం మేడ మీద చదువుకునే గది, పుస్తకాలు, పత్రికలు. లెక్కల కాగితం చేతికొచ్చినా చదవలేని సభ్యుడు అడగలేడని వాళ్లకు తెలుసునని నా నమ్మకం.

అయితే రాచ్‌డేల్‌ను దేవాలయం చేయనక్కర్లేదు. వాళ్లే 1854లో ఒక నూలు మిల్లు పెట్టారు. మిల్లులో పనిచేసేవాళ్లకు కూడా లాభంలో భాగం ఇవ్వాలన్నది మొదటి ఉద్దేశం. పని చేయకుండా వాటా మాత్రమే కొన్నవాళ్లు సంఖ్యలో పెరిగారు. 1862 వచ్చేసరికి ఓట్ల బలంతో కూలీల భాగాన్ని తీసేశారు. సభ సక్రమంగానే జరిగింది, ఓట్లూ సక్రమంగానే పడ్డాయి. జవాబుదారీ అంటే ఎక్కువ చేతులు లేవడం ఒక్కటే కాదని, ఆ నిర్ణయం ఎవరి కడుపు మీద పడుతుందో వాళ్ల మాట కూడా వినాలని ఆ మిల్లు చెబుతోంది. మన దుకాణాల్లో మూటలు మోసే హమాలీలు, కౌంటర్ల దగ్గర నిలబడే అమ్మాయిలు ఏ సభలో మాట్లాడుతున్నారు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. కోస్తాలో ఒక పట్టణం, ఊరి పేరు అనవసరం. నేను సభ్యుడిగా ఉన్న దుకాణం మహాజన సభ. పనిరోజున పదకొండు గంటలకు పెట్టారు. గుమ్మంలో సంతకాల పుస్తకం, దాని పక్కన టిఫిన్ పొట్లాలు, ఇంకో పక్కన వార్షిక నివేదిక. సంతకం పెట్టి లోపలికి వెళితే నివేదిక చేతికొస్తుంది. అంటే ఏడాది లెక్క చదవడానికి సభ్యుడికి దొరికేది కుర్చీ వెతుక్కునే వ్యవధి. వేదిక మీద కార్యదర్శి అంశాలు చదువుతున్నారు, ముందు వరసలోంచి ఇద్దరు ముగ్గురు "ఆమోదం, ఆమోదం" అంటున్నారు. అప్పుడొక పెద్దావిడ లేచారు. రిటైరైన పంతులమ్మ. "బాబూ, నాలుగో పేజీలో బియ్యం తరుగు కిందటేటికన్నా బాగా పెరిగినట్టుంది. ఎందుకని?" అన్నారు. "ఆడిట్ అయిపోయిందమ్మా, ఆడిటరు గారు చూశారు" అన్నది జవాబు. ఆవిడ కూర్చోలేదు. "ఆడిటరు గారు చూసింది కాగితం. నేనడిగేది బియ్యం గురించి" అన్నారు. టైమైపోతోందమ్మా అన్నారు వేదిక మీది వాళ్లు. తర్వాత మినిట్స్ పుస్తకం చూస్తే ఆవిడ ప్రశ్న లేదు. "లెక్కలను సభ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని ఉంది.

ఆ ఒక్క వాక్యం ఆమోదాన్ని దాఖలు చేసింది, అడిగిన మనిషిని తుడిచేసింది. దొంగతనం జరిగిందని నేను అనడం లేదు. తేమ తగ్గితే బియ్యం బరువు తగ్గుతుంది, ఎలుకలుంటాయి, పురుగుంటుంది. జవాబు ఉండే ఉంటుంది. దాన్ని చెప్పాల్సిన అవసరం లేదని వేదిక మీదివాళ్లు అనుకోవడమే నాకు బాధ కలిగించింది.

సంఘం పెద్దదైతే, చదువుకున్న మేనేజర్లు వస్తే ఈ జబ్బు పోతుందనే వాళ్లున్నారు. వాళ్లకు బ్రిటన్‌లోని కోఆపరేటివ్ గ్రూపు సంగతి చెప్పాలి. రాచ్‌డేల్ వారసత్వం చెప్పుకునే మహా సంస్థ అది. ఆహార దుకాణాలు, అంత్యక్రియల సేవలు, బీమా, ఒక బ్యాంకు, అన్నీ అప్పట్లో దాని కిందే ఉండేవి. 2009లో దాని బ్యాంకు బ్రిటానియా అనే గృహరుణాల సంస్థను కలుపుకుంది. ఆ సంస్థ ఇచ్చిన అప్పుల్లో ఎన్ని చెడ్డవో తర్వాత బయటపడింది. 2013లో బ్యాంకు మూలధనంలో 150 కోట్ల పౌండ్ల గండి తేలింది. పూడ్చలేక గ్రూపు తన బ్యాంకులో అధిక భాగాన్ని పెట్టుబడిదారులకు వదులుకోవలసి వచ్చింది, అప్పుడు చేతిలో మిగిలింది 30 శాతం. ఆ ఏడాది గ్రూపు నష్టం 250 కోట్ల పౌండ్లు. 2014 మార్చిలో ముఖ్య కార్యనిర్వహణాధికారి, ఈ సంస్థను పాలించడం సాధ్యం కాదంటూ రాజీనామా చేసి వెళ్లిపోయారు.

అక్కడ ఎన్నికలు లేవా అంటే, కావలసినన్ని ఉండేవి. మామూలు సభ్యుడు తన ప్రాంతపు కమిటీకి ఓటు వేసేవాడు. ప్రాంతపు కమిటీల నుంచి ప్రాంతీయ బోర్డులు, వాటి నుంచి గ్రూపు బోర్డు. రొట్టె కొనే మనిషికీ వందల కోట్ల అప్పు మీద సంతకం పెట్టే మనిషికీ మధ్య ఇన్ని అంచెలు. ఎక్కడ తప్పు జరిగినా పై అంచె కింది అంచెను చూపించేది. 2014లో గ్రూపు పాలన మీద లార్డ్ మైనర్స్ ఇచ్చిన నివేదిక, బోర్డు సభ్యులకు అంత పెద్ద వ్యాపారాన్ని నిలదీసే అనుభవం లేదని తేల్చింది. మే నెలలో సభ్య ప్రతినిధులు సంస్కరణల సూత్రాలకు ఒప్పుకున్నారు. ఆగస్టులో కొత్త నియమావళి వచ్చింది. ప్రతి సభ్యుడికీ వార్షిక సభలో నేరుగా ఒక ఓటు, బోర్డును ప్రశ్నించడానికి వంద మందితో సభ్యుల మండలి, బోర్డులో వృత్తి నిపుణులకు అధిక స్థానం.

ఈ సంస్కరణను నేను పూర్తిగా మెచ్చుకోలేను. నేరుగా ఓటు రావడం మంచిదే. కానీ నిపుణుల పేరుతో అధికారం మళ్లీ గదిలోకే వెళ్లింది. నిపుణులు కావాలి, కాదనను. వాళ్లు సభ్యులకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పించాలి. అర్థమయ్యేలా చెప్పలేని లావాదేవీని ఏ సహకార సంఘమూ చేయకూడదు. బ్రిటానియా విలీనం నాడు అంత మాత్రం పట్టింపు ఉంటే నష్టం ఆ స్థాయికి చేరేది కాదని నేననుకుంటాను.

దీనికి అవతలి వాదం అమెరికా నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో బర్క్లీ వినియోగదారుల సహకార సంఘం 1930ల ఆర్థిక మాంద్యపు రోజుల్లో పుట్టి, లక్షకు పైగా సభ్యులతో, పదికి పైగా దుకాణాలతో ఆ దేశంలోనే పేరుమోసింది. 1988లో మూతపడింది. సభ్యులు అతిగా జోక్యం చేసుకున్నారు, బోర్డులో వర్గాలయ్యాయి, అందుకే పోయిందని చాలామంది అంటారు. వర్గాలున్న మాట నిజం. నష్టాల్లో ఉన్న కొత్త శాఖలూ నిజమే. లక్ష మంది పేర్లు రిజిస్టరులో ఉండి, ఓటు వేసేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు బోర్డు ఏ చిన్న గుంపు చేతికైనా చిక్కుతుంది. దానికి విరుగుడు సభ్యుల్ని దూరంగా పెట్టడమా, దగ్గరికి తెచ్చుకోవడమా?

దగ్గరికి తెచ్చుకున్న దుకాణం కూడా ఆ దేశంలోనే ఉంది. న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్ ఫుడ్ కోఆప్, 1973లో మొదలైంది. బయటివాళ్లకు అక్కడ సరుకు అమ్మరు. సభ్యులైన ప్రతి ఒక్కరూ కొన్ని వారాలకోసారి రెండుంముప్పావు గంటల పని చేయాలి. లాయరైనా డాక్టరైనా నేలమాళిగలో కూర్చుని చీజ్ ముక్కలు కోసి పొట్లాలు కట్టాల్సిందే, ఎండుద్రాక్ష తూచాల్సిందే. నారింజ రంగు కోటు తొడుక్కుని, కొనుక్కున్నవాళ్ల వెంట వాళ్ల కారు దాకా నడిచి బండి వెనక్కి తెచ్చే పని కొందరిది. గోదాములో బస్తాలు ఎత్తిన మనిషికి తరుగంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలనెలా సాధారణ సభ జరుగుతుంది. ఏ సభ్యుడైనా అంశం పెట్టమని రాసివ్వవచ్చు. సభ్యులు ఓటు వేశాక, ఆ రాష్ట్ర చట్టం ప్రకారం నిర్ణయం బోర్డుదే కాబట్టి, బోర్డు సభ్యులు అదే సభలో అందరి ముందూ ఆ సలహాను ఒప్పుకుంటున్నారో లేదో ఓటు వేస్తారు. తలుపు వెనక కాదు. 2012 మార్చిలో ఇజ్రాయెల్ సరుకులను బహిష్కరించడం మీద అందరి ఓటూ తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తే ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకోవలసి వచ్చింది. వద్దన్నవారు 1,005, కావాలన్నవారు 653. ఆ వివాదం ఎటు న్యాయమో ఇక్కడ తేల్చడం నా పని కాదు. పదహారు వందల మందికి పైగా తమ కిరాణా దుకాణం గురించి ఒక సాయంత్రం కేటాయించారన్నది నా మనసులో నిలిచిపోయింది.

మన నేల మీద చరిత్ర వేరు. 1904లోనే మద్రాసులోని తిరువల్లిక్కేణిలో పట్టణ సహకార సంఘం మొదలైంది. వినియోగదారుల సహకారంలో అది ఈ దేశానికి తొలి అడుగు. ఆ స్ఫూర్తి నిలిచి ఉంటే బాగుండేది. 1966లో రూపాయి విలువ తగ్గాక ధరలను అదుపు చేయడానికి సూపర్ బజార్లు వచ్చాయి. మంచి ఉద్దేశమే. అయితే వాటిని పెట్టింది జనం కాదు, ప్రభుత్వం. డబ్బు దానిదే, కుర్చీలో కూర్చున్న అధికారీ దాని మనిషే. ఢిల్లీ సూపర్ బజార్ 2002లో మూతపడ్డప్పుడు రోడ్డెక్కింది ఉద్యోగులు. సభ్యులు కనిపించలేదు. తమదని ఎన్నడూ అనుకోని దానికోసం ఎవరు వస్తారు?

మన 1964 నాటి సహకార సంఘాల చట్టంలో సహకార శాఖ రిజిస్ట్రారుకు ఉన్న అధికారాల జాబితా సభ్యుడి హక్కుల జాబితా కంటే పొడవు. పాలకవర్గాన్ని తప్పించి పర్సన్ ఇన్‌ఛార్జిని వేయవచ్చు, ఎన్నికలు వాయిదా వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013 తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. త్రిసభ్య కమిటీలతో నడిపించారు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా కమిటీలో పేర్లు మారాయి, పద్ధతి మారలేదు.

దీన్నుంచి బయటపడే దారి చూపింది కూడా తెలుగువాళ్లే. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వెనక హైదరాబాదులోని సహవికాస అనే సంస్థ కార్యకర్తల ఏళ్ల కృషి ఉంది. ప్రభుత్వ వాటా తీసుకోని సంఘం తన నియమావళి తానే రాసుకుంటుంది. వేళకు ఎన్నిక జరపడం, ఆడిట్ చేయించడం, మహాజన సభ పెట్టడం పాలకవర్గం బాధ్యత. చేయకపోతే డైరెక్టర్లే పదవి పోగొట్టుకుంటారు. పై అధికారి దయ అక్కర్లేకుండా తప్పుకు శిక్ష చట్టంలోనే ఉంది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. 2006లో మన ప్రభుత్వం ఈ చట్టం కింద ఉన్న పాల సంఘాలను వెనక్కి లాగి, పాత చట్టం కిందివిగా ప్రకటించింది. సభ్యుల్ని అడగలేదు. హైకోర్టు కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణ రాజ్యాంగవిరుద్ధమని తీర్పిచ్చింది. ఏ చట్టం కింద సంఘం పెట్టుకోవాలో ఎంచుకున్న సభ్యుల స్వేచ్ఛను ప్రభుత్వం వాళ్ల ఇష్టం లేకుండా తీసేయలేదన్నది ఆ తీర్పు సారం. పాలు పోసే రైతు పేరున వచ్చిన తీర్పు అది. మన దుకాణాలకూ వర్తిస్తుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రభుత్వం నుంచి విడుదల కావడం, సభ్యులకు జవాబు చెప్పడం రెండూ ఒకటి కావు. రిజిస్ట్రారు పోయిన చోట ఒకే కుటుంబం కూర్చున్న సంఘాలున్నాయి. కొన్ని పాల సంఘాలు కంపెనీలుగా మారిపోయాయి. అయితే తెలంగాణలోని ముల్కనూరులో 1956 నుంచి సహకార గ్రామీణ బ్యాంకు నిలబడింది, అదే ప్రాంతంలో ఆడవాళ్లే సభ్యులుగా పాల డెయిరీ నడుస్తోంది. పాలు పోసే మనిషికి తన పాల వెన్న శాతం, తన డబ్బు సంగతి తెలిసినంత కాలం అలాంటి సంఘాన్ని కబ్జా చేయడం కష్టం.

ఇక ఈ ఊరి దుకాణం సంగతి. మీ పాలకవర్గం ఇక్కడే ఉంది కాబట్టి ముఖాముఖి అడుగుతున్నాను. వార్షిక లెక్కలు సభకు కనీసం పదిహేను రోజుల ముందు సభ్యుల ఇళ్లకు చేరాలి, తెలుగులో. మహాజన సభలో ఎవరు ఏమడిగారో, ఏం జవాబిచ్చారో మినిట్స్‌లో రాయాలి. జవాబు లేకపోతే లేదని రాయాలి. కొత్త శాఖ, పెద్ద అప్పు, స్థలం అమ్మకం వంటివి సభ ఒప్పుకోకుండా జరగకూడదని నియమావళి సవరించాలి. నిర్ణీత సంఖ్యలో సభ్యులు సంతకాలు చేసి ప్రత్యేక సభ కోరితే ఇన్ని రోజుల్లోగా పిలవాలని గడువు పెట్టాలి, పిలవకపోతే ఆ సంతకాలు చేసినవాళ్లే పిలుచుకునే హక్కు ఉండాలి.

జనం రావడం లేదు, వచ్చినా పొట్లం తీసుకుని పోతున్నారు అని మీరంటారు. పనిరోజున పదకొండు గంటలకు పిలిస్తే ఎవరొస్తారు? కూలికి వెళ్లేవాడు రాలేడు, బడిలో పాఠం చెప్పేవాడు రాలేడు, ఇంట్లో పొయ్యి దగ్గరున్న ఆవిడ అసలే రాలేదు. ఈ సంఘంలో సరుకులు కొనేది ఎక్కువగా ఆడవాళ్లు. వాటాలు మాత్రం మగవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. వాటాలో భార్య పేరు కూడా చేర్చే తీర్మానం ఈసారి అజెండాలో పెట్టండి. సభ ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెట్టండి, పిల్లల్ని చూసుకునేందుకు పక్క గదిలో ఇద్దరు మనుషుల్ని ఉంచండి. తరుగు రిజిస్టరు వేదిక మీద తెరిచి ఉంచండి.